చిట్టీ, అమ్మకి తేదీ మాత్రం చెప్పకు

చిట్టీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. అమెరికా జైల్లో ఉన్న అన్నయ్య శిక్ష తగ్గించమని నువ్వే కూర్చుని మోషన్, అదే కోర్టుకిచ్చే అర్జీ, రాస్తున్నావట, ఆఫీసుకి రెండు వారాలు సెలవు కూడా పెట్టావట. నీ పట్టుదల చూసి గుండె నిండిపోయింది, కానీ రాత్రి నిద్ర పట్టలేదు. అక్కయ్య గొంతులో ఉన్న ఆ సంబరం నేను ఇంతకుముందు ఒకసారి మా అమ్మ గొంతులో విన్నాను.

ఆ మోషన్ నువ్వెంత బాగా రాసినా సంతకం అన్నయ్యదో లాయరుదో ఉండాలి. శిక్ష వేసిన కోర్టులోనే వెయ్యాలి. ఫెడరల్ డిఫెండర్ ఆఫీసుకి, అదే లాయరుని పెట్టుకోలేనివాళ్ళ తరఫున వాదించేవాళ్ళకి, ఫోన్ చెయ్యి, ఇలాంటివి చాలా చోట్ల వాళ్ళే చూశారు, మొహమాటపడకు.

శిక్ష ఎన్ని నెలలో లెక్కగట్టే ఫెడరల్ గైడ్‌లైన్స్‌కి 2023 నవంబర్ 1న వచ్చిన 821వ సవరణ, పాత నేరాల పాయింట్లు ఒక్కటీ లేనివాళ్ళకి నేరం తీవ్రత లెక్కలో రెండు లెవెల్స్ తగ్గిస్తుంది, అంతకుముందు పడిన శిక్షలకూ వర్తిస్తుంది. అన్నయ్యది లెవెల్ 29, అంటే 87 నుంచి 108 నెలలు, జడ్జి 87 వేశారు. 27కి దిగితే 70 నుంచి 87. జడ్జి మహా అయితే 70 దాకా రాగలరు, ఇవ్వాలని రూలేం లేదు. ఇది కేసు మళ్ళీ మొదట్నుంచీ వినడం కాదమ్మా. 2010లో డిల్లన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆయనకి 322 నెలల్ని 270కి తగ్గించారు, ఇంకా తగ్గించమంటే కుదరదన్నారు. కాబట్టి అప్పటి లాయరు సరిగ్గా వాదించలేదని పేజీలు నింపకు. మోసం కేసు కదా, బాధితులకి పెద్ద ఆర్థిక కష్టం తెచ్చిపెట్టాడని తేలితే అర్హతే పోతుంది. ప్రభుత్వ లాయరు పట్టుకునేది అక్కడే, నీ రెండు వారాలూ దాని మీద పెట్టు.

మా తమ్ముడి సంగతి నీకు పూర్తిగా తెలీదు. వాడు ఫార్మసిస్టు, నొప్పి మాత్రల కేసులో 2011లో లోపలికెళ్ళాడు. లెక్క ప్రకారం 97 నుంచి 121 నెలలు పడాలి, కానీ జడ్జి చిన్నపిల్లల్ని చూసి జాలిపడి 72 వేశారు. 2014లో 782వ సవరణ వచ్చింది, డ్రగ్స్ కేసులకి రెండు లెవెల్స్ తగ్గింపు. 97 కాస్తా 78 అవుతోంది, ఆ లెక్కన 72 కాస్తా 58 అవుతుందని నేను కరెంటు బిల్లు కవరు వెనక వేసేసుకుని, ఆ రాత్రే తెనాలికి ఫోన్ చేసి "2016 సంక్రాంతికి వచ్చేస్తాడమ్మా" అన్నాను. వాడికున్నది గ్రీన్ కార్డే, శిక్ష అయ్యాక ఎలాగూ ఇండియా పంపేస్తారు, ఆ బాధలో మాకు మిగిలిన ఊరట అదొక్కటే. ఆర్డర్ వచ్చింది. కొత్త లెక్కలో కింది గీత 78, వాడికి పడింది అప్పటికే 72, గీత కిందున్నవాళ్ళకి తగ్గించే అధికారం లేదు, ప్రభుత్వానికి సహకరించి శిక్ష తగ్గించుకున్నవాళ్ళకి తప్ప. మొదట్లో చూపిన దయే తర్వాత తలుపు మూసింది. ఆ రూల్ రాసే ఉంది, నేను చదవలేదు.

అమ్మకి మూడు నెలలు చెప్పలేకపోయాను. సెలవుకి వెళ్ళేసరికి వంటింటి గట్టు మీద చిన్న ఆవకాయ జాడీ, తెల్లగుడ్డ వాసెన కట్టి, విప్పకుండా ఉంది. వాడొచ్చాకే విప్పుతానంది. వాడు దిగింది 2017లో. ఈలోగా నేను ఫోన్‌లో ఏం చెప్పినా అమ్మ "సర్లే నాయనా" అనేది, అంతే.

అందుకే అడుగుతున్నా, నువ్వు చెప్పిన ఆ 29 ఎక్కడిది? నేరం ఒప్పుకుంటూ ప్రభుత్వంతో రాసుకున్న ప్లీ ఒప్పందంలోదా? అది చాలదు తల్లీ, శిక్ష వేసిన రోజు జడ్జి ఏది ఖాయం చేశారో అదే లెక్క. ఆ శిక్ష ఎందుకు వేశారో జడ్జి రాసే స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్ అని ఒక కాగితం ఉంటుంది, బయటికి ఇవ్వరు, పాత లాయరుని అడుగు, ఎత్తకపోతే మళ్ళీ చెయ్యి. దొరికినా జైలుకి మాత్రం పోస్టు చెయ్యకు, అలాంటి కాగితాలు లోపల దగ్గర ఉంచుకోనివ్వరు, వేరేవాళ్ళ కంటపడితే అన్నయ్యకే ప్రమాదం. వాడు అక్కడ చేసిన కోర్సుల సర్టిఫికెట్లు ఉంటే జతచెయ్యి, జడ్జి అవి చూస్తారు.

అక్కయ్యకి "కాగితాలు వేశాం, చూద్దాం" అని మాత్రం చెప్పు. ఎన్నిసార్లడిగినా అదే చెప్పు. అన్నయ్య సంతకానికి పంపేముందు నాకోసారి పంపమ్మా, ఆదివారం ఇంట్లోనే ఉంటాను, ప్రతి లైనూ చదువుతాను.

మీ మావయ్య