బాతు సంగతి

తిరుపతి

పాపా,

పోలండ్ లెక్కల పండితుడు బనాక్ మీద నువ్వు రాసింది రెండుసార్లు చదివినా. ఆయనా స్నేహితులూ కూడే స్కాటిష్ కఫేలో పాలరాతి బల్ల మీద పెన్సిల్‌తో వేసిన లెక్కలు తుడుచుకుపోతున్నాయని, 1935లో ఆయన భార్య దళసరి నోటుబుక్కు కొనిచ్చిన చోటు బాగుంది.

బాతు దగ్గరే నాకు ఒళ్ళు మండింది. 1936లో బనాక్ స్నేహితుడు మజూర్ ఆ పుస్తకంలో ఒక లెక్క రాసి, తేల్చినోళ్ళకు బతికున్న పెద్దబాతు ఇస్తానన్నాడు. 1972లో స్వీడన్ లెక్కల పండితుడు ఎన్‌ఫ్లో గెలుచుకున్నాడు. సరే. దాని రెక్కలకూ అరుపులకూ పేజీన్నర! లెక్క ఏందో ఒక్క ముక్కన్నా ఉందా? బేసిస్ అంటే లోపలున్న ప్రతిదాన్నీ కూడి కట్టుకునే మూలముక్కల వరస; అదే లేని బనాక్ అంతరాళాన్ని కట్టి చూపించినాడు ఎన్‌ఫ్లో. ముప్పై ఆరేళ్ళు ఎవరికీ చిక్కనిది అది. బాతుదేముంది, ఏ సంతకు పోయినా దొరుకుతుంది. పైగా 'మహా మేధావి' అని ఏడుసార్లు రాసినావు. లెక్కపెట్టినా.

లెక్కల్లో ఎమ్మెస్సీ చదువుతూ లెక్కను ఎందుకు దాస్తావు? 1.4, 1.41, 1.414 అని ఒక వరస పోతుంది. అన్నీ భిన్నాలే. అవి చేరాల్సిన రెండు వర్గమూలం మాత్రం భిన్నం కాదు. అలిపిరి మెట్లన్నీ ఎక్కినాక పైన గుడే లేనట్టు. అట్లా చేరాల్సిన చోటు బయట పడిపోకుండా లోపలే ఉండాలన్నది తన అంతరాళానికి బనాక్ పెట్టిన షరతు. ఆ అంతరాళంలో ఒక్కో చుక్కా ఒక ఫంక్షన్ కావచ్చు. ఇంతే కదా, దీనికెంత చోటు పట్టింది?

మా నాయన చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తా. బస్తాల తూకాలు నోటితోనే ఎట్లా కూడేవాడో నా తొలి కథలో రెండు పేజీలు రాసినా. ఎడిటరు గారు 'లెక్కలు తీసేసి ఆకలి పెట్టండి, పాఠకులు ఏడుస్తారు' అన్నాడు. తీసేసినా. అచ్చయింది. మా నాయన చదివి, 'ఇందులో నేనెక్కడున్నా రా?' అన్నాడు. ఆ ఎడిటరుకు మళ్ళీ కథ పంపలేదు. ఇప్పుడు అందరూ ఆయన శిష్యులే.

ఇంకొకటి. రెండో ప్రపంచ యుద్ధంలో బనాక్ 'నానా కష్టాలు పడ్డాడు' అని దాటేసినావు. జర్మన్ల ఏలుబడిలో, పేల నుంచి టైఫస్ జ్వరానికి టీకా తయారుచేసే వైగల్ సంస్థలో పేలకు తన రక్తం తాపించి బతికినాడు ఆయన. పేల డబ్బీలు కాలికి కట్టుకొని కూర్చునేవాళ్ళు అక్కడ. 1945లోనే పోయినాడు, బాతును చూడనేలేదు. నీ పేజీన్నర ఆ డబ్బీలకియ్యి.

తిరగరాసి తీసుకురా. మూడు దాటినాక రా, అప్పటిదాకా పడుకోనుంటా.