గాలి స్థిమితపడ్డాకే కొలవాలి

విశాఖపట్నం

అమ్మలూ,

డైనో (ఇంజను శక్తిని కొలిచే యంత్రం) మీద ఇంజను పీల్చే గాలి రీడింగు నిలవడం లేదన్నావు కదా, నువ్వు పంపిన ఫోటో చూశాను. ఎయిర్ ఫిల్టరు తీసేసి, ఆరిఫీస్ ప్లేటుని (గాలిని కొలవడానికి మధ్యలో రంధ్రం ఉన్న పలకని) నేరుగా ఇంటేక్ పైపుకే బిగించారు. చిక్కంతా అక్కడే ఉంది.

మీది సింగిల్ సిలిండరు డీజిలింజను. 1500 ఆర్పీఎం దగ్గర, రెండు చుట్లకి ఒకసారి చొప్పున, నిమిషానికి 750 సార్లు గాలి గుటకేస్తుంది. గుటకకీ గుటకకీ మధ్య గాలి ఆగుతుంది, ఒక్కోసారి వెనక్కి తన్నుతుంది. మానోమీటరులో (ప్లేటుకి రెండు వైపులా ఉన్న పీడనం తేడాని నీటి ఎత్తుగా చూపే గొట్టంలో) నీళ్ళు 40 మిల్లీమీటర్ల నుంచి 160 దాకా ఊగుతుంటే, మధ్యన 100 అని రాసుకున్నావు. గాలి లెక్క ఆ ఎత్తుని బట్టి రాదమ్మా, దాని వర్గమూలాన్ని బట్టి వస్తుంది. 100కి 10. అదే 40కి 6.3, 160కి 12.6, ఆ రెంటి సగటు 9.5. లేని గాలిని 5 శాతం ఉన్నట్టు రాశావన్నమాట. పైగా నీళ్ళు అంత వేగంగా కదల్లేవు కాబట్టి అసలు ఊపు నీ కంటికి కనబడినదానికన్నా పెద్దదే. హాట్ వైరు మీటరు (వేడి తీగని గాలి ఎంత చల్లారుస్తోందో చూసి కొలిచేది) పెట్టినా ఈ బాధ తీరదు. మామూలు హాట్ వైరుకి గాలి ఎటు పోతోందో తెలియదు, వెనక్కి తన్నినదాన్నీ లోపలికి వెళ్ళినట్టే లెక్కేస్తుంది.

ముందు గాలిని నిలబెట్టాలి. అందుకే ప్లేటుకీ ఇంజనుకీ మధ్య ఎయిర్ బాక్స్, అంటే గాలి డబ్బా పెడతారు. సింగిల్ సిలిండరుకి అది స్వెప్ట్ వాల్యూమ్‌కి (పిస్టను ఒక స్ట్రోకులో కదిలే చోటుకి) 500 రెట్లు ఉండాలని మాకు నేర్పారు. మీ ఇంజను బోరు 87.5, స్ట్రోకు 110 మిల్లీమీటర్లు అయితే 661 సీసీ, అంటే 330 లీటర్ల డబ్బా కావాలి. గాజువాక ఆటోనగర్‌లో కొత్త రేకుతో చేయించు. ఆయిలు పోసిన పాత డ్రమ్ము జోలికి మాత్రం వెళ్ళకు, లోపలి ఆవిరికి వెల్డింగులో పేలుతుంది.

డబ్బా నుంచి ఇంజను దాకా ఎక్కడా లీకు ఉండకూడదు. నేను మూడు రోజులు ఒక ఇంజను సరిగ్గా గాలి పీల్చడం లేదని వాల్వు క్లియరెన్సులు సరిచేస్తూ కూర్చున్నాను. చివరికి చూస్తే హోస్ క్లిప్పు కింద రబ్బరు చీలింది. ప్లేటులోంచి రాకుండా దొంగదారిన వెళ్ళే గాలి మానోమీటరుకి తెలియదు. ఇలాంటి చోట సబ్బునీళ్ళు పనికిరావు, అది లోపలికి లాగే చోటు, బుడగ లేవదు. అగరొత్తి వెలిగించి జాయింట్ల వెంట తిప్పు, పొగ ఎక్కడ లోపలికి వంగితే అక్కడే లీకు. పెట్రోలింజను దగ్గర ఈ పని ఎప్పుడూ చేయకు.

ప్లేటుని లైటు కింద పట్టి చూడు. రంధ్రం అంచు మీద మెరుపు గీత కనబడితే అంచు మొద్దుబారినట్టే. అప్పుడు గాలి లెక్కలో పదునైన రంధ్రానికి వాడే 0.6 అనే గుణకం చెల్లదు, నిజం గాలి లెక్కకన్నా ఎక్కువే పోతుంది. మన ఉప్పుగాలికి ఇనుము ఆగదు, ఇత్తడిది వాడు. పదునైన ముఖం గాలి వచ్చేవైపు ఉండాలి.

గాలి సాంద్రత ఘనపు మీటరుకి 1.2 కిలోలు అని పుస్తకంలోది ఎత్తి రాయకు. 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న రోజున మన గాలిలో 3 శాతానికి పైగా నీటి ఆవిరే ఉంటుంది, సాంద్రత 1.15కి దిగుతుంది. తేమ తెలియడానికి వెట్ బల్బు (తడిగుడ్డ చుట్టినది), డ్రై బల్బు (పొడిది) థర్మామీటర్లు రెండూ ప్లేటు పక్కనే పెట్టు. ఫ్యాను గాలి ప్లేటు మీద పడనివ్వకు.

20 మిల్లీమీటర్ల రంధ్రానికి 82 మిల్లీమీటర్ల నీళ్ళు వస్తే నిమిషానికి సుమారు 420 లీటర్లు, అంటే వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ (సిలిండరులో పట్టగల గాలిలో నిజంగా పీల్చిన భాగం) 85 శాతం. ఆ చుట్టుపక్కల వచ్చి, నీళ్ళు కదలకుండా నిలబడితే నాకు ఫోన్ చెయ్యి. నా పెట్టెలో ఇత్తడి ప్లేటు ఒకటుంది, ఆదివారం వచ్చి పట్టుకెళ్ళు.

మీ మావయ్య