రోగుల మనసు మీద పరిశోధన చేయాలంటే ఏ ఎమ్మెస్సీ?

ప్రశ్న: మాది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం. బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి రెండేళ్లుగా విశాఖపట్నంలోని ఒక ఆస్పత్రి డయాలసిస్ యూనిట్‌లో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. రోగులు ఒత్తిడిని ఎలా తట్టుకుంటున్నారన్న దానిపై పరిశోధన చేయాలని ఉంది. ఎమ్మెస్సీలో సైకియాట్రిక్ నర్సింగ్ తీసుకోవాలా? నాన్నగారు మాత్రం జర్మన్ నేర్చుకుని జర్మనీ వెళ్లమంటున్నారు.

జవాబు: మనసు అనగానే సైకియాట్రిక్ నర్సింగ్ వైపు మొగ్గడం మామూలే. మీకు మాత్రం నేను మెడికల్ సర్జికల్ నర్సింగ్ చెబుతాను. అందులో నెఫ్రో యూరాలజీ (కిడ్నీ, మూత్రవ్యవస్థ జబ్బుల) ఉపవిభాగం ఉంది. సైకియాట్రిక్ కోర్సు ప్రధానంగా స్కిజోఫ్రీనియా, డిప్రెషన్, మద్యపాన వ్యసనం వంటి వాటి చుట్టూ తిరుగుతుంది. మీరు చూస్తున్నది జబ్బు ఒంటికి వచ్చి మనసు కుంగిన మనుషులను. సైకియాట్రీ విభాగం నుంచి ఒక కో-గైడ్ (థీసిస్‌కు రెండో మార్గదర్శి) దొరికితే ఆ లోటు తీరుతుంది. రేపు ఎప్పుడైనా ఆసక్తి పూర్తిగా మానసిక చికిత్స వైపు మళ్లితే మానసిక, నాడీ వైద్యానికి పేరున్న బెంగళూరు నిమ్హాన్స్ ఉండనే ఉంది.

అయితే కోర్సు కంటే ముందు మీ ప్రశ్న ఏమిటో తేల్చుకోండి. ‘ఫలానా ఆస్పత్రిలో డయాలసిస్ రోగుల ఒత్తిడి స్థాయి’ అనే తరహా థీసిస్‌లు మన నర్సింగ్ కాలేజీల అల్మారాల్లో గుట్టలుగా ఉన్నాయి. యాభై అరవై మందికి ప్రశ్నావళి ఇస్తారు, ఎక్కువమందికి ఓ మోస్తరు ఒత్తిడి ఉందని తేలుస్తారు, అట్ట వేయిస్తారు. వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు సూదులతో మంచానికి అంటిపెట్టుకుని ఉండే మనిషికి ఒత్తిడి ఉంటుందని తెలియడానికి థీసిస్ ఎందుకు?

మీ యూనిట్‌లోని తూకం యంత్రం దగ్గర నిలబడండి. తాగిన నీరు ఒంట్లోనే నిలిచి ఒకాయన రెండు రోజుల్లో కిలోన్నర పెరిగి వస్తాడు, పక్క మంచం ఆయన నాలుగు కిలోలు. ఇద్దరిదీ ఒకే దాహం, ఒకే ఎండ. మొదటాయన పొద్దున్నే ఆ రోజుకు తాగాల్సిన నీళ్లు సీసాలో కొలిచి పెట్టుకుంటాడు, నోరు ఎండితే ఐసుముక్క చప్పరిస్తాడు. రెండో ఆయన ‘ఎలాగూ పోయేవాణ్ణే, గుక్కెడు నీళ్లకు కూడా లెక్కా’ అంటాడు. తేడా ఎక్కడ పడింది? కూలిపని పోయాకనా? కొడుకు ఊరు విడిచి వెళ్లాకనా? పక్క ఇంట్లో ఇదే జబ్బుతో చావు చూశాకనా? మీ ప్రశ్న అక్కడ ఉంది. ఉద్దానంలో పుట్టినవారికి మూడోది నా కంటే బాగా తెలుసు.

మనస్తత్వ శాస్త్రవేత్తలు రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ 1984లో చెప్పిన సిద్ధాంతం ఇక్కడ పనికొస్తుంది. కష్టాన్ని సరిచేసే ప్రయత్నం ఒక తీరు, కష్టం రేపే బాధను నెమ్మదింపజేసుకోవడం మరో తీరు. మన చేతిలో ఉన్నదానికి మొదటిది నప్పుతుంది, చేతిలో లేనిదానికి రెండోది. నీళ్లు ఎన్ని తాగాలన్నది చాలావరకు రోగి చేతిలో ఉంది, యంత్రం మీద ఆధారపడటం మాత్రం ఆయన చేతిలో లేదు. కాబట్టి శ్రీకూర్మానికి మొక్కుకున్న రోగిని ‘తట్టుకునే శక్తి తక్కువ’ కాలమ్‌లో వేసేయకండి. ఆ మొక్కుతో డయాలసిస్ మానేస్తున్నాడా, మానకుండా వస్తున్నాడా అన్నది చూడాలి.

కొలత సాధనాల దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. షెల్డన్ కోహెన్ బృందం 1983లో ఇచ్చిన ఒత్తిడి స్కేలు అందరికీ వాడదగినదే కానీ, అది సాధారణ ఒత్తిడినే చెబుతుంది. నెలలు నిండని బిడ్డను గాజుపెట్టెలో చూస్తూ ఎత్తుకోలేకపోయే తల్లి బాధ వేరు. ఆమె కోసం మార్గరెట్ మైల్స్ విడిగా ఒక స్కేలు తయారుచేశారు. పక్షవాతం వచ్చిన ఇంట్లో ఒక్కోసారి రోగి కంటే చూసుకునే కోడలే ఎక్కువ నలుగుతుంది. ఆమెను అడగడానికి జారిట్ స్కేలులో 22 ప్రశ్నలున్నాయి. మీ రోగుల విషయంలో మరో చిక్కు ఉంది. నిద్ర, ఆకలి, నీరసం గురించి అడిగే డిప్రెషన్ స్కేలు వేస్తే కిడ్నీ జబ్బు లక్షణాలే మార్కులు పెంచేస్తాయి. ఈ చిక్కును తప్పించేందుకే 1983లో జిగ్మండ్, స్నెయిత్ 14 ప్రశ్నల ఆస్పత్రి స్కేలు రూపొందించారు. ముందు దాన్ని చూడండి.

ఇంకో మాట. పొద్దున సూది గుచ్చిన నర్సే మధ్యాహ్నం కాగితం పట్టుకుని ‘ఎలా ఉంది?’ అంటే, ‘బాగానే ఉందమ్మా’ అంటారు. పక్క మంచంవాళ్లు వింటుంటే అదీ అనరు. సమాచార సేకరణకు వేరే యూనిట్ నర్సును, విడి గదిని ఏర్పాటు చేసుకోండి. ‘చచ్చిపోవాలనిపిస్తోంది’ అని ఎవరైనా అంటే ఆ క్షణాన ఎవరిని పిలవాలో నైతిక సమీక్ష కమిటీకి ఇచ్చే ప్రతిపాదనలోనే రాయాలి.

ఎమ్మెస్సీకి బీఎస్సీలో 55 శాతం మార్కులు, నర్సింగ్ రిజిస్ట్రేషన్, ఏడాది అనుభవం అడుగుతారు. మీకు అనుభవం సరిపోతుంది. కాలేజీ పేరు కంటే గైడ్‌ను చూసి ఎంచుకోండి. గత అయిదేళ్లలో ఆమె ఏం ప్రచురించారో వైద్య పరిశోధన పత్రాల వెబ్‌సైట్ పబ్‌మెడ్‌లో వెతికితే తెలుస్తుంది. ఆ తర్వాత పీహెచ్‌డీకి భారత నర్సింగ్ కౌన్సిల్ చొరవతో నడిచే జాతీయ కన్సార్షియం (సంస్థల ఉమ్మడి వేదిక) ఉంది. దాని కేంద్రం బెంగళూరు రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం.

నాన్నగారి మాట తోసిపుచ్చదగినది కాదు. మన దగ్గర పరిశోధననే ఉద్యోగంగా ఇచ్చే నర్సు పోస్టులు చాలా తక్కువ. ఎమ్మెస్సీ చేసినవారిలో ఎక్కువమంది కాలేజీల్లో పాఠాలు చెబుతున్నారు. కొందరు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ప్రాజెక్టుల్లో, క్లినికల్ ట్రయల్స్‌లో చేరుతున్నారు. జర్మనీలో జీతం నిస్సందేహంగా ఎక్కువే. కానీ భాష, అర్హత గుర్తింపు, స్థిరపడటం పూర్తయ్యేసరికి కొన్నేళ్లు పరిశోధన ఊసే ఉండదు. ఇంట్లో అప్పు ఉంటే ముందు జర్మనీకే వెళ్లండి. లేకపోతే ఎమ్మెస్సీ ముగించి, విదేశీ పీహెచ్‌డీకి ప్రయత్నించండి. స్వీడన్‌లో పీహెచ్‌డీ విద్యార్థిని ఉద్యోగిగా తీసుకుని జీతం ఇస్తారని నాన్నగారికి చెప్పండి. ఆయన అడిగేది అదే అయి ఉంటుంది.