రెండో ఏడాది ఎందుకు తడబడ్డాడు?

ప్రశ్న: కొరియా బేస్‌బాల్ రిలీఫ్ పిచర్ (ఆట మధ్యలో వచ్చి బంతులు వేసేవాడు) ఓ సుంగ్‌హ్వాన్ అమెరికాలో మొదటి ఏడాది అదరగొట్టాడు కదా, తర్వాత ఎందుకు తగ్గాడు?

జవాబు: జపాన్‌లో హన్షిన్ టైగర్స్ తరఫున 2014లో 39, 2015లో 41 సేవ్‌లు (జట్టు స్వల్ప ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడి గెలిపించడం) చేసి, 2016లో అమెరికా జట్టు సెయింట్ లూయిస్ కార్డినల్స్‌లో చేరాడు. మొదట మధ్య ఇన్నింగ్స్‌లో వేసేవాడు. ఆ జట్టు క్లోజర్ (చివరి ఇన్నింగ్స్ వేసి ఆట ముగించే పిచర్) రోసెంతాల్ లయ తప్పడంతో ఆ బాధ్యత ఇతనికొచ్చింది. ఆ ఏడాది తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన పరుగుల సగటు 1.92, స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను అవుట్ చేయడం) 103. అద్భుతమైన సీజన్! అడుగు వేసేటప్పుడు ముందుకాలిని నేలకు తాటించి మళ్లీ ముందుకు జరిపేవాడు. అతణ్ని కొత్తగా ఎదుర్కొనే బ్యాటర్ల టైమింగ్ అక్కడే చెడేది.

2017లో స్లైడర్ (పక్కకు వంగే వేగమైన బంతి) పదును తగ్గింది. ఫాస్ట్‌బాల్ (నేరుగా వేగంగా వేసే బంతి), స్లైడర్ మీదే ఎక్కువగా ఆధారపడే రిలీవర్‌కు అది పెద్ద దెబ్బ. ఎడమచేతి బ్యాటర్లు బాగా కొట్టారు. ఇచ్చిన పరుగుల సగటు 4.10కి చేరింది. సేవ్‌లు మాత్రం 20, ముందటేడాది కంటే ఒకటి ఎక్కువే! మూడు పరుగుల ఆధిక్యంతో చివరి ఇన్నింగ్స్‌కు వచ్చి రెండు ఇచ్చినా, గెలిపిస్తే సేవ్ దక్కుతుంది మరి.