ప్రేమలో ఓడిందా, ప్రేమకు ఓడిందా?

సందేహం: స్వీడన్ పాప్ బృందం అబ్బా పాడిన ‘వాటర్లూ’ గురించి రాస్తూ ‘ప్రేమలో ఓడిపోయిన అమ్మాయి పాట యూరోవిజన్ పోటీని గెలిచింది’ అన్నాను (యూరోవిజన్ అంటే ఐరోపా దేశాల మధ్య జరిగే పాటల పోటీ). ప్రేమలో ఓడిపోవడమంటే లవ్ ఫెయిల్యూర్ కదా, ఆ పాటలో అలా లేదే అంటాడు మా అన్నయ్య. ‘పోటీని గెలిచింది’ కూడా తప్పేనట. ఏది సరైనది?

సమాధానం: మొదటిదాంట్లో మీ అన్నయ్యదే రైటు. ఆ పాటలో అమ్మాయి ప్రేమ విఫలమేమీ కాలేదు. వాటర్లూ యుద్ధంలో నెపోలియన్‌కి పట్టిన గతే తనకూ పట్టిందని, ఓడినా గెలిచినట్టే ఉందని సంబరపడుతుంది. 1974 ఏప్రిల్ 6న బ్రైటన్‌లో స్వీడన్ తరఫున ఈ పాట పాడినప్పుడు, ఆర్కెస్ట్రాను నడిపించినాయన నెపోలియన్ వేషంలోనే వచ్చాడు. యూరోవిజన్‌లో స్వీడన్‌కి అదే తొలి గెలుపు. (అన్నట్టు, ‘అబ్బా’ మన మూలుగు కాదు, ఆ నలుగురి పేర్లలోని మొదటి అక్షరాలు.)

చిక్కంతా ‘లో’తో వచ్చింది. ఓటమి ఎక్కడ జరిగిందో ‘లో’ చెబుతుంది, ఎవరి వల్ల జరిగిందో ‘చేతిలో’ చెబుతుంది. 2023లో అహ్మదాబాద్ ఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో ఓడిపోయాం. అదే గెలిస్తే ‘ఆస్ట్రేలియా మీద గెలిచాం’ అనేవాళ్లం. ఈ లెక్కన ‘ప్రేమలో ఓడిపోయింది’ అంటే ప్రేమ వ్యవహారంలో దెబ్బతిన్నదనే. మీరు చెప్పదలచుకున్నది ప్రేమే ఆమెను ఓడించిందని. అందుకు ‘ప్రేమకు ఓడిపోయింది’ చాలు. ‘ప్రేమ చేతిలో’ అన్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ, స్కోరు బోర్డు గుర్తొస్తుంది.

‘లొంగిపోయింది’ కూడా బాగానే ఉంటుంది. పోలీసులకు లొంగిపోయేవాళ్ల వార్తల వల్ల ఆ మాటకు కాస్త ఖాకీ వాసన పట్టింది, అంతే. అయితే రెండూ ఒకటి కావు. నెపోలియన్ వాటర్లూలో ఓడిపోయింది 1815 జూన్ 18న. బ్రిటిష్ యుద్ధనౌక ఎక్కి లొంగిపోయింది జూలై 15న. పాట మాత్రం వాటర్లూలోనే లొంగిపోయాడంటుంది. పాటకు ఆ మాత్రం చనువు ఇవ్వాలి.

నాకైతే ఇంకో దారి నచ్చుతుంది. ‘ఓడు’ అనే క్రియ, దేన్ని ఓడారో చెప్పే కర్మను కూడా తీసుకుంటుంది. ధర్మరాజు జూదంలో రాజ్యాన్ని ఓడాడు, తమ్ముళ్లను ఓడాడు. ‘నన్నోడి తన్నోడెనా, తన్నోడి నన్నోడెనా’ అన్న ద్రౌపది ప్రశ్న నిలబడింది ఈ ప్రయోగం మీదే. పాటలో అమ్మాయీ అచ్చంగా తన్నోడింది. ‘ప్రేమకు తన్ను తాను ఓడిన అమ్మాయి’ అని రాసి చూడండి. ‘ఓడిపోయిన’లోని ‘పోవు’ తీసేయగానే చేజేతులా అన్న ఛాయ కూడా వస్తుంది.

ఇక ‘పోటీని గెలిచింది’. తప్పని కొట్టేయను. శత్రువులను గెలిచాడు, ఇంద్రియాలను గెలిచాడు అనడం పాత అలవాటే. కాకపోతే అక్కడ ‘ను’ పడింది ఎదిరి మీద. పోటీ ఎదిరి కాదు, బరి. ‘పోటీలో గెలిచింది’ అంటే పేచీ ఉండదు. పందెం, మ్యాచ్, కేసు గెలిచినట్టే, ‘ని’ లేకుండా ‘పోటీ గెలిచింది’ అన్నా చెల్లుతుంది. గెలిచేది పాడినవాళ్లు గానీ పాట కాదు కదా అని మీ అన్నయ్య మళ్లీ అడ్డుతగిలితే, సంక్రాంతికి పందెం గెలిచేది కోడే, డబ్బు జేబులో వేసుకునేది మాత్రం యజమాని అని చెప్పండి. ‘గెలుచుకుంది’ని బహుమతికే ఉంచండి: కప్పు గెలుచుకుంటారు, పోటీ గెలుచుకోరు.