అబ్రాహామును యూదుడు అనవచ్చా?

సందేహం: మా అబ్బాయి చదువుతున్న పోటీ పరీక్షల పుస్తకంలో ఒకచోట ‘యూదుడైన అబ్రాహాము’ అనీ, ఇంకోచోట ‘ఇశ్రాయేలీయుడైన అబ్రాహాము’ అనీ ఉంది. బైబిల్లో చూస్తే ‘హెబ్రీయుడైన అబ్రాము’ అని కనిపించింది. ఈ మూడూ పర్యాయపదాలేనా? పనిలో పనిగా ‘యూద మతం’ అనాలో ‘యూదు మతం’ అనాలో కూడా చెప్పండి. (ఒక పాఠకురాలు)

సమాధానం: పర్యాయపదాలు కావండీ. మూడూ ఒకే జనానికి సంబంధించిన మాటలే గాని, వాటి వయసులు వేరు, పలికే నోళ్లు వేరు.

ముందు వంశక్రమం చూడండి. అబ్రాహాము కొడుకు ఇస్సాకు, మనవడు యాకోబు, మునిమనవడు యూదా. ‘యూదుడు’ అనే మాట ఈ యూదా పేరు మీదే ఏర్పడింది. మునిమనవడి పేరు తెచ్చి ముత్తాతకు తగిలించడమంటే యయాతిని కౌరవుడు అన్నట్టే. ‘ఇశ్రాయేలీయుడు’ కూడా అంతే. యబ్బోకు రేవు దగ్గర రాత్రంతా పెనుగులాడిన యాకోబుకు తెల్లవారుజామున దక్కిన పేరు ఇశ్రాయేలు. మనవడికి వచ్చిన పేరు తాతకు చెల్లదు.

ఇక మిగిలింది ‘హెబ్రీయుడు’. మీరు బైబిల్లో చూసినది ఆదికాండం 14వ అధ్యాయంలోది. హీబ్రూలో దీని రూపం ‘ఇవ్రీ’. దాటడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టిందనీ, నది దాటి వచ్చినవాడు అని అర్థమనీ కొందరంటారు. ఏబెరు అనే పూర్వీకుడి పేరు నుంచి వచ్చిందని మరికొందరంటారు. ఏ వ్యుత్పత్తి పట్టుకున్నా అబ్రాహాముకు సరిపోతుంది. ఈ మాట వాడుకలో ఒక విశేషం ఉంది. ఎక్కువచోట్ల ఇది పరాయివాళ్ల నోట వినిపిస్తుంది, లేదా పరాయివాళ్లకు తమను పరిచయం చేసుకునేటప్పుడు వస్తుంది. నది ఒడ్డున జమ్ము పెట్టెలో పసివాడు మోషేను చూసిన ఫరో కూతురు హెబ్రీయుల పిల్లవాడని గుర్తుపడుతుంది. తుఫానులో ఓడవాళ్లు నిలదీస్తే యోనా తాను హెబ్రీయుణ్ణని చెబుతాడు. తమలో తాము మాట్లాడుకునేటప్పుడు మాత్రం వాళ్లు ఇశ్రాయేలు సంతతి.

మరి యాకోబు సంతతి అయిన పన్నెండు గోత్రాల్లో ఒక్క యూదా పేరే అందరికీ ఎలా అంటుకుంది? అది చరిత్ర చేసిన పని. సొలొమోను తరువాత రాజ్యం రెండుగా చీలింది. ఉత్తరాన ఇశ్రాయేలు, దక్షిణాన యెరూషలేము రాజధానిగా యూదా. ఉత్తర రాజ్యాన్ని క్రీ.పూ. 722లో అష్షూరు (అస్సీరియా) వాళ్లు కూల్చారు. దక్షిణ రాజ్యం క్రీ.పూ. 586లో బబులోను రాజు నెబుకద్నెజరుకు చిక్కింది, దేవాలయం కాలిపోయింది, జనం చెరకు పోయారు. క్రీ.పూ. 539లో బబులోనును గెలిచిన పారశీక రాజు కోరెషు వాళ్లను తిరిగి వెళ్లనిచ్చాడు. పారశీకుల ఏలుబడిలో ఆ సీమ పేరు ‘యెహూద్’, అక్కడి చిన్న వెండి నాణేల మీద కూడా అదే పేరు. ఆ సీమవాడు ‘యెహూదీ’. గోత్రం పేరు సీమ పేరై, సీమ పేరు క్రమంగా మతం పేరైంది.

ఈ మార్పు ఒక్క వాక్యంలో కనిపించే చోటు ఎస్తేరు గ్రంథం రెండో అధ్యాయం. అక్కడ మొర్దెకైని యూదుడు అంటూనే, ఆయన గోత్రం బెన్యామీను అని చెబుతుంది. యూదా గోత్రం కానివాడు యూదుడయ్యాడంటే, అప్పటికే ఆ మాట గోత్రాన్ని దాటేసిందన్నమాట. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనే ఎఫ్రాయీం సమాజం ఉంది. ఎఫ్రాయీము ఉత్తర రాజ్యపు గోత్రం. ఆ గోత్రం తమదని చెప్పుకునే వీళ్లు పాటించేది మాత్రం యూద మతమే. ‘బెనే’ అంటే కుమారులు. ఖురాన్‌లో వచ్చే ‘బనీ ఇస్రాయీల్’లోని ‘బనీ’ దీనికి అరబ్బీ తోబుట్టువు.

యేసు కాలానికి రెండు మాటలూ పక్కపక్కనే బతికాయి. మత్తయి సువార్త 27వ అధ్యాయం తీసి చూడండి. రోమా వాళ్లు సిలువ మీద పెట్టిన పలకపై ‘యూదుల రాజు’ అని ఉంది. కింద నిలబడి హేళన చేసిన ప్రధాన యాజకులు ‘ఇశ్రాయేలు రాజు’ అంటారు. అయిదు వచనాల తేడాలో బయటివాళ్ల మాట, లోపలివాళ్ల మాట! ఇలాంటివి దొరికినప్పుడు నాకు కలిగే ఆనందం ఇంతా అంతా కాదు. యేసూ, ఆయన తొలి శిష్యులూ పుట్టుకతో యూదులే. ‘క్రైస్తవులు’ అనే పిలుపు మొదట అంతియొకయలో వినిపించిందని అపొస్తలుల కార్యాలు చెబుతున్నాయి. యూదేతరులు పెద్దసంఖ్యలో చేరడం, సున్నతి అక్కర్లేదనుకోవడం, క్రీ.శ. 70లో రోమన్ల చేతిలో రెండో దేవాలయం కూలడం, వీటన్నిటి మీదా రెండు దారులు నెమ్మదిగా విడిపోయాయి. అందుకని తొలి తరం శిష్యులను గురించి ‘యూద మతం వదిలి క్రైస్తవంలో చేరారు’ అని రాయడం కూడా తొందరపాటే.

మీ ప్రశ్న పద్నాలుగు వందల ఏళ్ల నాడే ఒకసారి చర్చకు వచ్చింది. ఖురాన్ మూడో సూరాలో (అధ్యాయంలో), ఇబ్రాహీం (అబ్రాహాము) గురించి ఎందుకు వాదులాడుకుంటారు, తౌరాతూ (యూదుల ధర్మశాస్త్రం) ఇంజీలూ (సువార్త) ఆయన తరువాత వచ్చినవే కదా అనే వాదం ఉంది. ఆ వెంటనే ఆయన యూదుడూ కాదు, క్రైస్తవుడూ కాదు అని ఉంది. మనం వంశక్రమంతో చేసిన వాదనే అక్కడ గ్రంథాల కాలక్రమంతో చేశారు. అదే వాక్యం ఆయన్ను ‘ముస్లిం’ అంటుంది. అక్కడ ఆ మాటను దైవానికి తనను అప్పగించుకున్నవాడు అనే ధాత్వర్థంలో చదువుకోవాలి.

ఇశ్రాయేలీయులు, ఇజ్రాయెల్ పౌరులు కూడా ఒకటి కాదు. 1948లో ఏర్పడిన దేశాన్ని మన పత్రికలు ‘ఇజ్రాయెల్’ అని రాస్తున్నాయి. ఈ వర్ణక్రమ భేదం మనకు కలిసొచ్చింది, పోగొట్టుకోకండి. ఆ దేశ పౌరుల్లో సుమారు అయిదో వంతు అరబ్బులు. వాళ్లను ‘ఇశ్రాయేలీయులు’ అంటే పొరపాటు.

ఇక రూపం సంగతి. బుద్ధ నుంచి బౌద్ధం, జిన నుంచి జైనం, విష్ణు నుంచి వైష్ణవం వచ్చినట్టే క్రీస్తు నుంచి క్రైస్తవం వచ్చింది. గ్రీకు మాటకు సంస్కృత తద్ధితం ఎంత చక్కగా అమరిందో! యూదాకు ఆ ఆదివృద్ధి (మొదటి అచ్చు ఐ, ఔలుగా పెరగడం) జరగలేదు, ‘యౌదం’ అని ఎవరూ అనలేదు. సీతా ‘సీత’ అయినట్టు యూదా ‘యూద’ అయి మతంతో సమసించింది. తెలుగు బైబిలు గలతీ పత్రికలో ‘యూదమతస్థుడు’ అనే ఉంది. ‘యూదు’ తప్పు కాదు, వాడుకలో బలంగానే ఉంది. అయితే మతం పేరుగా నేను ‘యూద మతం’ రాస్తాను, మనుషుల విషయంలో ‘యూదు కుటుంబం’, ‘యూదురాలు’ అంటాను.

మీ అబ్బాయిని ఆ రెండు చోట్లా ‘హెబ్రీయుడైన అబ్రాహాము’ అని దిద్దుకోమనండి.