పాత ఉత్తరానికి కాఫీ రంగు ఒక్కటే చాలదు

"మా బాబు స్కూల్ ప్రాజెక్టుకి వందేళ్ల నాటి ఉత్తరం తయారు చెయ్యాలి. కాగితాన్ని కాఫీలో ముంచితే సరిపోతుందా, టీ మేలా?" అని అడిగారు.

కాఫీయే మేలు. టీ రంగు కాస్త ఎర్రగా దిగుతుంది, కాఫీ మట్టిరంగులోకి వస్తుంది. అయితే ముంచకండి, పూయండి. అంతకంటే ముఖ్యం, ఆ కాగితం మీద ఏం రాస్తున్నారన్నది. దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు కాబట్టే ఇంత రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో ఉన్నా మా వీధిలో చాలా ఇళ్లలో తెలుగే వినిపిస్తుంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 మాకు ఇంటి పండగతో సమానం. ఒక ఏడాది ఆ రోజుకి పిల్లల చేత పాతకాలం ఉత్తరాలు తయారు చేయించాలని వీధి పెద్దలు అనుకున్నారు. గిడుగు వారి దగ్గర చదువుకున్న కుర్రాడు ఇంటికి రాసినట్టు ఒక ఉత్తరం రాయాలి. మా మేనకోడలు అప్పుడు తొమ్మిదో తరగతి. ఫోన్లో ఏదో వీడియో చూసి, ఉత్తరం కంప్యూటర్లో టైపు చేసి, షాపులో ప్రింటు తీయించుకొచ్చి, స్టీలు పళ్లెంలో కాఫీ పోసి ముంచేసింది.

"మావయ్యా, అక్షరాలు కారిపోతున్నాయి!" అని కేక.

వెళ్లి చూద్దును కదా, అది ఇంక్‌జెట్ ప్రింటు. 'మహారాజశ్రీ' అన్న మాటలో దీర్ఘాలు కరిగి కింది వరుసలోకి జారాయి. లేజర్ ప్రింటయితే నీళ్లకి కారదు, కానీ ఆ తేడా షాపులో ఎవరూ చెప్పరు. సరే, కాగితం పోతే పోయింది. నన్ను ఆపింది పైనున్న చిరునామా: 'పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా', పక్కన పిన్ కోడ్, కింద తేదీ 1911.

"ఏమ్మా, 1911లో గజపతి జిల్లా ఎక్కడుంది?"

"ఇక్కడే కదా మావయ్యా."

తప్పు ఆ పిల్లది కాదు, చెప్పినవాళ్లు లేరు. అప్పట్లో మనది మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. ఒడిశా రాష్ట్రం 1936 ఏప్రిల్ 1న ఏర్పడింది. పర్లాకిమిడిని అందులో కలపడం ఇష్టంలేక గిడుగు వారు ఆ ఏడాదే ఈ ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. గజపతి జిల్లా వచ్చింది 1992లో. పిన్ కోడ్ 1972లో మొదలైంది. ఉత్తరంలో 'యాభై పైసలు పంపండి' అని కూడా రాసింది. రూపాయికి వంద పైసల లెక్క 1957 నుంచే, అంతకుముందు అణాలు. కాగితానికి ఎంత కాఫీ పట్టించినా ఇలాంటి ఒక్క మాట చాలు, మొత్తం దొరికిపోతుంది.

ఆ సాయంత్రం కూర్చోబెట్టి మళ్లీ మొదటినుంచి చేయించాను. జెరాక్స్ కాగితం తడిస్తే చిరుగుతుంది, డ్రాయింగ్ షీట్ తీసుకున్నాం. వానలకి సీసాలో గడ్డకట్టిన ఇన్‌స్టంట్ కాఫీ పొడి ఉంటే అది వాడాం. పక్కనే కోరాపుట్ కొండల్లో అంత మంచి కాఫీ పండుతుంటే దాన్ని కాగితానికి పూయడానికి నాకు చేతులు రావు. చిన్న కప్పు వేడినీళ్లకి రెండు మూడు పెద్ద చెంచాల పొడి. పాలు, పంచదార వద్దే వద్దు, చీమలు పడతాయి. చల్లారాక వెడల్పు బ్రష్‌తో పూశాం.

ఇక్కడ అసలు కిటుకు చెబుతాను. మా తాతగారి నాటి భూమి కాగితాలు బీరువాలో ఉన్నాయి, అవి తీసి ఆ పిల్లకి చూపించాను. కాగితం మధ్యలో ఇంకా లేత పసుపే. ముదురు రంగంతా అంచుల్లోనూ మడతల్లోనూ ఉంది. నాలుగు మడతలు కలిసేచోట చిన్న చిల్లి. గాలి, వెలుతురు తగిలిన చోటే కాగితం ముందు ముదురుతుంది, కర్రగుజ్జుతో చేసిన కాగితమైతే మరీ తొందరగా. కాబట్టి మొత్తం ఒకే రంగు పూస్తే అది పాతది కాదు, గోధుమరంగు కాగితం, అంతే. ముందు పల్చగా ఒకసారి అంతటా పూసి, అది ఆరాక నాలుగుగా మడిచి విప్పి, ఆ గీతల మీదా అంచుల మీదా చిక్కటి కాఫీ మళ్లీ పూయాలి. అక్కడక్కడ ఒక చుక్క వదిలితే ఆరేటప్పుడు దాని చుట్టూ నల్లటి అంచు కడుతుంది. చుక్క అంచు ముందు ఆరుతుంటే లోపలి నీళ్లు రంగుని మోసుకుంటూ అటు పోతాయి, అందుకని. ఆ మరక చాలా సహజంగా ఉంటుంది.

ఆగస్టులో మా దగ్గర ఏదీ ఓ పట్టాన ఆరదు. తడిగా వదిలేస్తే బూజు పడుతుంది. పాత లుంగీ మీద పరిచి ఫ్యాన్ వేసి, ఇంకా కాస్త తేమ ఉండగానే పైన గుడ్డ కప్పి ఇస్త్రీ చేశాం. అప్పుడు రాయించాను, ఇంకు పెన్నుతో, చేత్తో. తడిసి ఆరిన కాగితం మీద ఇంకు కొద్దిగా పాకుతుంది, అదీ మంచిదే. బాల్ పెన్ను మాత్రం వద్దు, 1911లో ఎక్కడిది?

చేత్తో రాయించడమే పెద్ద పని అయింది. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల, 'క్షేమం' అని రాయడానికి ఆగిపోయింది. బళ్లో ఒడియా, ఇంగ్లీషు. తెలుగు నేర్పే మాస్టారు లేరు. పర్లాకిమిడిలోనే కాదు, గుణుపురం, రాయగడ, బరంపురం, ఎక్కడ చుట్టాలింటికి వెళ్లినా ఇదే మాట. వాడుక భాష కోసం అంత పోరాడి, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని బడులు పెట్టిన మనిషి తిరిగిన ఊళ్లో తెలుగు పిల్లలకి తెలుగు రాయడం రాకపోతే నాకు కడుపు మండుతుంది. అందుకే నా మాట, మీ బాబు చేత టైపు చేయించకండి. వంకర అక్షరాలైనా ఫర్వాలేదు, పక్కన కూర్చుని రాయించండి. ఒక పేజీ ఉత్తరం రాసేసరికి సగం ఒత్తులు వచ్చేస్తాయి.

ఇంకో సంగతి. వీడియోల్లో కొవ్వొత్తితో అంచులు కాల్చి చూపిస్తారు. పిల్లల చేత ఆ పని చేయించకండి. పాత ఉత్తరాలు కాలవు, అరుగుతాయి, పురుగు తింటుంది. అంచు తడిగా ఉన్నప్పుడు వేలితో చిన్నచిన్నగా చింపితే చాలు.

ప్రాజెక్టు అయ్యాక ఆ కాగితాన్ని ఇంట్లో నిజమైన పాత ఫొటోలతో, దస్తావేజులతో కలిపి పెట్టకండి. కాఫీలో ఆమ్లం ఉంటుంది, పక్క కాగితాల్ని కూడా పాడు చేస్తుంది. మీ బాబు ఉత్తరం ఏ ఊరి నుంచి, ఏ సంవత్సరంలో రాసినట్టో కింద చెప్పండి. అప్పటి జిల్లా పేరుతో చిరునామా ఎలా ఉండాలో రాసిస్తాను.